సాక్ష్యానికి సవరణ

ఆగస్టు 6, బుధవారం, ఆదోని

మందిరం కట్టి ఈ నెలకు డెబ్బై అయిదేళ్లు. నెలాఖరు ఆదివారం పండగ. దానికొక ప్రత్యేక సంచిక వేయాలట. సంపాదకుణ్ణి నేనట. పత్రికలో ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తున్న విలేకరికి ఈ ఊళ్లో దక్కే గౌరవాలు ఇలాంటివే. పెళ్లి కార్డుల్లో అచ్చుతప్పులు దిద్దాలి, పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లాలి, ఇప్పుడిది.

పాస్టర్ ఏసన్న అయ్యగారు పోయినేడు మద్దికెర నుంచి బదిలీ మీద వచ్చాడు. వయసు ముప్పై నాలుగు. పొద్దున ఆదోనిలో, మధ్యాహ్నం ఎమ్మిగనూరులో ఆరాధన నడుపుతాడు. మాట సూటిగా ఉంటుంది.

"చరిత్ర వద్దు దానమన్నా. గోడ ఎవరు కట్టించినారు, గంట ఎవరిచ్చినారు, అదంతా శిలాఫలకం మీద ఉంది. సాక్ష్యాలు కావాల. రెండూళ్ల సంఘపెద్దలు పద్నాలుగు మందీ రాయాల. మారుమనసు ఏ తేదీన పొందినారు, యాడ పొందినారు, ఆ పొద్దు ఏం జరిగింది."

తేదీ, స్థలం అడిగే పాస్టర్‌ను మొదటిసారి చూస్తున్నాను. నచ్చాడు. సరేనన్నాను. ఆ పద్నాలుగు మందిలో నేనూ ఒకణ్ణన్న సంగతి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది.

ఆగస్టు 7, గురువారం

ఉరుకుంద డ్యూటీ. శ్రావణ గురువారం. మధ్యాహ్నం రెండు గంటల దాకా ఆదోని వైపు నుంచి వచ్చిన బస్సులు అరవై ఒకటి. ఒకావిడ తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టి లేచింది. ఏమనిపిస్తోందమ్మా అని అడిగాను. "ఈపు కాల్తాంది" అంది. అదే రాసి పంపాను. రేపు పేపర్లో 'భక్తి పారవశ్యం' అని వస్తుంది. డెస్క్‌లో అందుకొక మనిషి ఉన్నాడు.

ఫొటోగ్రాఫర్ సర్దార్ ఏటా అనే మాట మళ్లీ అన్నాడు. "మీ అత్త ఊరికొచ్చినాం పా అన్నా." నాకు మేనత్త, నా భార్య భాగ్యకు తల్లి, పేరు ఉరుకుందమ్మ. ఈ దేవుడికి మొక్కుకుంటే పుట్టింది. ఆరేళ్లప్పుడు ఇంటిల్లిపాదితో పాటు బాప్తిస్మం పొంది మార్త అయింది. ఆ పేరు మందిరం రిజిస్టర్లో తప్ప ఎక్కడా లేదు. ఎమ్మిగనూరులో మార్త ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చూపించలేరు, ఆమెతో సహా.

ఆగస్టు 13, బుధవారం

పదకొండు సాక్ష్యాలు వచ్చాయి. విశేషణాలు తీసేస్తే సగానికి తగ్గాయి.

ఎమ్మిగనూరు పెద్ద సుంకప్ప, రిటైరైన బస్సు డ్రైవరు, నాలుగు పేజీలు రాశాడు. 1994 మార్చి 11, ఆదోని నుంచి వస్తుండగా మేకల మంద అడ్డం వచ్చింది. బస్సు వాటికి జానెడు దూరంలో ఆగింది. బస్సంతా వెలుగు నిండింది. ఫోన్ చేశాను.

"హెడ్‌లైట్లు వేసి ఉన్నాయా సుంకప్పా?"

"పగలు రెండు గంటలకు హెడ్‌లైట్లు యాల ఏస్తానప్పా?"

"ఎండ అద్దం మీద పడిందేమో."

"ముప్పై ఏండ్లు ఆ రోడ్డు మీద ఎండ సూసినా. ఎండేదో, అదేదో నాకు తెల్దా?"

ఆ ఒక్క మాట బాగుంది. పేజీలు మూడు తీసేసి ఆ మాట ఉంచాను.

ఆగస్టు 16, శనివారం

నా గురించి అందుబాటులో ఉన్న సమాచారం:

అయిదు నెలల వయసులో ఎమ్మిగనూరులో బాప్తిస్మం. ఏడ్చానని అత్త చెబుతుంది. ఆధారం అదొక్కటే.

పదహారో ఏట కన్ఫర్మేషన్, నమ్ముతున్నానని సంఘం ముందు నోటితో ఒప్పుకోవడం. కొత్త చొక్కా. కాలరు గీసుకుంది.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె, రసం తీసుకున్నాను. కలలు రాలేదు. వెలుగు కనపడలేదు. నమ్ముతున్నాను. ఎప్పుడు మొదలైందో తెలియదు.

ఇవి శుభ్రంగా రాసి చూసుకున్నాను. పదకొండు చిన్న వాక్యాలు. ఇది వార్త కాదు. ఎవరైనా ఇలా రాసి పంపితే 'ఇంతకీ ఏం జరిగింది?' అని మార్జిన్‌లో రాసి తిప్పి పంపేవాణ్ణి.

ఆగస్టు 18

రాయలేదు. మార్కెట్ యార్డుకు కొత్త పత్తి ఎప్పుడొస్తుందో రాయాలి. అదీ రాయలేదు.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున అయ్యగారి ఫోన్. పదమూడు వచ్చాయి, మీదొక్కటే ఆగింది, సాయంత్రం ప్రెస్‌కు ఇవ్వాలి. సంపాదకుడే గడువు దాటడం ఏం బాగుంటుంది?

రాశాను. నలభై నిమిషాలు పట్టింది. మామూలు మరణవార్తకు పట్టే సమయమే.

'2009 అక్టోబర్ 3, సాయంత్రం నాలుగున్నర. తుంగభద్ర వరదల్లో మాధవరం దగ్గర నడుములోతు నీళ్లలో నడుస్తున్నాను. కాలు జారింది. ఒక చెయ్యి నన్ను పట్టుకుంది. గుండెలో వెచ్చటి వెలుగు నిండింది. ఆ క్షణం నేను కొత్త మనిషినయ్యాను.'

తేదీ సరిగ్గా ఉంది. స్థలం సరిగ్గా ఉంది. నాలుగున్నర కాకపోతే నాలుగూ ఇరవై. నీళ్లు మోకాలికి కాస్త పైన. కాలు జారింది నిజం. చెయ్యి నిజం. వెచ్చగా ఉన్నదీ నిజమే, శిబిరంలో ఇచ్చిన ఉప్మా. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, మూడూ సరే. ఏమిటి అన్నచోట మాత్రం కొంచెం సాగింది.

ఇరవై ఏడేళ్లలో నా వార్తలకు నాలుగు సవరణలు పడ్డాయి. నాలుగూ పేర్ల తప్పులే. నాకు అబద్ధం రాసే అలవాటు లేదు. ఇది అబద్ధం కాదు. కుదించి రాయడం.

ఆగస్టు 31, ఆదివారం

పండగ బాగా జరిగింది. ఎమ్మిగనూరు నుంచి రెండు టెంపోల్లో వచ్చారు. అత్త కిటికీ పక్కన కూర్చుంది. సాక్ష్యాలు ఎవరిది వారు చదవాలన్నాడు అయ్యగారు. సుంకప్పది అయ్యాక నాది.

'ఒక చెయ్యి నన్ను పట్టుకుంది' దగ్గర ఆగాను. ఆగమని ఎవరూ చెప్పలేదు, ఆగితే బాగుంటుందనిపించింది. ఆడవాళ్ల వైపు కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లాయి. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఒక నిమిషం పాటు అది జరిగిందేమోనని నాకే అనిపించింది.

అయ్యగారు గట్టిగా కౌగిలించుకున్నాడు. పదిహేడు మంది చెయ్యి కలిపారు.

భోజనాల దగ్గర అత్త సగం అన్నం వదిలేసింది. సాయంత్రం దాకా ఉంటానన్న మనిషి మొదటి టెంపోలో వెళ్లిపోయింది. ఎండకు తట్టుకోలేకపోయి ఉంటుంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

టీ దగ్గర సర్దార్.

"అన్నా, మీ సంచిక సదివినా. ఇరవై మూడో పేజీ."

"ఊ."

"ఆ చెయ్యి నాదే కదన్నా?"

టీ తాగుతూ ఉన్నాను.

"కెమెరా బ్యాగు నీళ్లల్లో పడినా ఇడిసిపెట్టి నిన్ను పట్టుకుంటి. ఫొటో కింద పేరు ఎయ్యరు సరే. దీంట్లోనన్నా నా పేరు ఎయ్యకపోతివి."

"అది ఆత్మీయ విషయం సర్దార్. నీకు అర్థం కాదు."

"అట్లనా? మీ దేవుని చెయ్యి నాదైతే ఇంట్లో సెప్పుకోవాల్నా వద్దా? మా ఇంటామె రసూల్‌బీ కూరగాయల సంచి మోయమంటే, ఈ చెయ్యి మామూలుది కాదే అంటా."

టీ వాడితో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం తప్ప చేసేదేముంది?

సెప్టెంబర్ 7, ఆదివారం, ఎమ్మిగనూరు

అత్తకు కడుపులో నొప్పిగా ఉందంటే భాగ్యా నేనూ వచ్చాం. మొదటి ఆదివారం. అయ్యగారు బల్లకు పిలిచాడు. వరసలు లేచాయి. ఆడవాళ్ల వైపు మూడో వరసలో అత్త ఒక్కతే కూర్చుని ఉంది. పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. పక్కావిడ భుజం తట్టింది. తల అడ్డంగా ఊపింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఒక్క నెల మానలేదు. మామ పోయిన నెల కూడా.

బయట అడిగాను. "కాళ్లు నొస్తాండాయి లే" అంది. ఇంటిదాకా కిలోమీటరు నడిచింది. నాకన్నా ముందు.

సెప్టెంబర్ 10, బుధవారం

కర్నూల్లో స్కానింగ్. పిత్తాశయంలో రాళ్లు, వాపు. తీసేయాలన్నారు. అక్టోబర్ 9. డెబ్బై ఆరేళ్ల వయసు, గుండె కొంచెం నీరసం. రిస్కు ఉంటుంది అని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నా వైపు చూసి చెప్పాడు.

ఇంటికొచ్చాక భాగ్య వంటింట్లోంచే మాట్లాడింది.

"అమ్మకు కోస్తారని భయం లేదు బావా. కోసేటప్పుడు పోతే యాడికి పోతానో అని భయం."

"అదేం మాట? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మందిరంలోనే ఉంది కదా."

"అదే అంటాంది. 'ఆరేండ్లప్పుడు నెత్తిన నీళ్లు పోసినారు, సల్లగ ఉండె. అంతకు మించి నాకేం కాల్యా. అల్లునికి నీళ్లల్లో అట్లయింది. సుంకప్పకు బస్సులో అట్లయింది. నాకు డెబ్బై ఏండ్లల్లో ఒక్క పొద్దన్నా ఏం కాల్యా. నేను ఊరకనే తింటిని మే ఆ రొట్టె' అంటాంది. అయ్యగారు ఇంటికి తెచ్చిస్తానన్నా వద్దనింది. ఏమన్నా అయినంక తీసుకుంటుందంట. అయ్యేదాకా తీసుకోదంట."

స్కానింగ్ రిపోర్టు ఫైలులో పెట్టాను. తేదీల వరసలో సర్దాను. అది అవసరం లేదు, ఒక్కటే రిపోర్టు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఎమ్మిగనూరు వెళ్లాను. పాయింట్లు ముందే రాసుకున్నాను.

అత్త నేతపని చేసే నీలకంఠం వాళ్లకు నూలు కండెలు చుడుతోంది. నలభై ఏళ్ల నుంచీ వాళ్ల మగ్గాలకు ఈమే చుట్టి ఇస్తోంది. నొప్పి ఉన్నా రాట్నం ఆపలేదు.

చెప్పాను. మన రక్షణ మనకు కలిగే అనుభవం మీద ఆధారపడదు, ఆయన సిలువ మీద చేసిన పని మీద ఆధారపడుతుంది. ఆ పని అయిపోయిందని ఆయనే చెప్పి ప్రాణం విడిచాడు. ఇక మనం దానికి కలపాల్సింది లేదు, మనకు ఏమైనా అనిపించినా అనిపించకపోయినా అది తగ్గదు, పెరగదు. బాగా చెప్పాను. నాకే నచ్చింది.

అత్త రాట్నం ఆపి విన్నది.

"నిజమే నాయనా. నీకు అయింది కాబట్టి నీకు తెలుస్తాది."

"నాకు అయినదానితో పని లేదంటున్నాను అత్తా."

"అయినోళ్లు పని లేదనే అంటారు. అయిపోయింది, అయిపోయింది అంటాండావు. నీకు నీళ్లల్లో చెయ్యిచ్చి సెప్పినాడు. నాకు సెప్పలేదే. నా పేరు దాంట్లో ఉందో లేదో నాకెట్ల తెలియాల?"

ఇక్కడ నిజం చెప్పాల్సింది. బస్సు టైమైంది. నిజంగానే అయింది. తర్వాతి బస్సు ఇరవై నిమిషాలకు ఉంది.

సెప్టెంబర్ 16

యార్డుకు పత్తి వస్తోంది. పని ఎక్కువ.

సెప్టెంబర్ 17

పని ఎక్కువ.

సెప్టెంబర్ 19, శుక్రవారం

సెలవు పెట్టాను. అయినా ఆఫీసుకు వెళ్లాను.

ఆపరేషన్ అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెబితే ఆమె గుండెకు మంచిది కాదు. ఈ మాట డాక్టర్ అనలేదు. నేనే అంటున్నాను.

సెప్టెంబర్ 22, సోమవారం

భాగ్య బియ్యం ఏరుతూ అడిగింది.

"బావా, ఆ వరదలప్పుడు మాధవరం పోయొచ్చినావు కదా. ఇంటికొస్తానే నాతో ఏం సెప్పినావో గుర్తుందా?"

"పదహారేళ్లయింది. ఏం గుర్తుంటుంది?"

"నాకుంది. చెప్పు తెగిందని సెప్పినావు. కొత్త చెప్పులు, నెల కూడా కాలేదని రెండు దినాలు అదే అంటాంటివి. గుండెలో ఎలుగు నిండినోడు చెప్పు గురించి రెండు దినాలు మాట్లాడ్తాడా?"

"అంటే నీకు ముందే..."

"మందిరంలో నువ్వు సదువుతాంటేనే తెలిసె."

"మరి అప్పుడే అనొచ్చు కదా."

"అంతమంది ఏడుస్తాండ్రి. నువ్వూ ఏడుస్తాంటివి. నేనేమనాల?" చేట దులిపి లేచింది. "అమ్మ ఆపరేషన్‌కు పదిహేడు దినాలుంది."

మూడో మనిషి ధ్రువీకరించనిదే నేను వార్త పంపను. సర్దార్, భాగ్య, ఇద్దరయ్యారు. మూడోది నేను.

సెప్టెంబర్ 25, గురువారం

అయ్యగారింటికి వెళ్లాను. కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

"నా సాక్ష్యంలో కొంచెం సాగదీశాను అయ్యగారూ."

"ఎంత?"

"తేదీ, ఊరు సరిగ్గానే ఉన్నాయి."

"దానమన్నా."

"అబద్ధం."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకూ కొంత సులువయ్యేది.

"నాకు అయిందన్నా" అన్నాడు. "ఇంటర్ సెకండియర్, హాస్టల్లో. మూడు దినాలు ఏడిసినా. యాల ఏడుస్తాండానో తెలీలేదు, ఆపబుద్ధి కాలేదు. అది నిజం. అందుకే ఈ పనిలోకి వస్తి."

"నేను కాదనలేదు."

"ఇప్పుడు ఏడేండ్లయింది. ప్రార్థనకు కూసుంటే ఎదురుగా గోడ కనపడ్తాంది. అంతే. తేదీలు రాయండి, ఏం జరిగిందో రాయండి అని మిమ్మల్నందర్నీ యాల అడిగినా అనుకున్నావు? ఎవరి దగ్గరన్నా ఇంకా ఎచ్చగా ఉందేమో సూద్దామని. నీది సదివి ఆ వారమంతా సంతోషంగా ఉంటి."

ఈ ముక్క రాయకూడదేమో. రాశాను. దీన్ని ఎవరూ చదవరు.

అత్తకు మీరే చెప్పండి అన్నాను. నా వైపు జాలిగా చూశాడు.

"నేను సెప్తే ముసలమ్మను ఓదారుస్తాండాడు అనుకుంటాది. ఆయమ్మ ధైర్యం పోగొట్టినోడివి నువ్వు. నువ్వే పోవాల."

సెప్టెంబర్ 28, ఆదివారం, ఎమ్మిగనూరు

చెప్పాను. ఈసారి పాయింట్లు లేవు.

"అత్తా, మాధవరం దగ్గర నాకేం కాలేదు. అది కల్పించి రాసింది."

రాట్నం తిరుగుతూనే ఉంది.

"ఏం కాలేదంటే?"

"వెలుగు లేదు. గుండెలో ఏం నిండలేదు. కాలు జారితే సర్దార్ పట్టుకున్నాడు."

"ఏ సర్దారు? మన ఫొటోల సర్దారా?"

"ఆయనే."

"వెచ్చగా ఉండె అని సదివితివే?"

"ఉప్మా తిన్నానత్తా."

రాట్నం ఆగింది. నా ముఖం వంక చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కడుపు పట్టుకుంది. "అయ్యో, నొప్పి, నొప్పి" అంటూనే నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. నా జీవితంలో నేను రాసినదేదీ చదివి ఎవరూ ఇంతగా నవ్వలేదు.

తర్వాత నవ్వు ఆగింది. కోపం వచ్చింది. రావలసిందే.

"ఒరే, నెల దినాలు నిద్ర లేదురా నాకు. తొంభై మందిలో నేనొక్కదాన్నే బయటున్నా అనుకుంటి. మీ మామ ఆడుంటాడు, నన్ను రానీరు అనుకుంటి."

కాసేపటికి తనే అడిగింది.

"అయితే నీకూ ఎప్పుడూ ఏం కాలేదా?"

"కాలేదు."

"ఒక్కసారన్నా?"

"కన్ఫర్మేషన్ నాడు కాలరు గీసుకుంది. అంతే."

"మరి ఇన్నేండ్లు బల్ల ఎట్ల తీసుకుంటివి?"

ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు. తెలిసినంత చెప్పాను.

"ఆయన చచ్చింది నిజమని నమ్మినా. లేచింది నిజమని నమ్మినా. అది జరిగినప్పుడు నేను అక్కడ లేను, నువ్వు లేవు. విలేకరి పోలేదని సంగతి జరగకుండా పోదు కదా అత్తా. వాళ్లు చూసి చెప్పినారు, నేను విన్నాను. నాకు ఒంట్లో ఏమైనా అయితే అది జరిగినట్టు, కాకపోతే జరగనట్టు ఎట్లయితుంది?"

"మరి సుంకప్పది?"

"సుంకప్పది సుంకప్ప చూసినాడు. నేను కాదనను. కానీ ఆ వెలుగు సుంకప్ప కోసం చావలేదు."

దారం వేలికి చుట్టుకుంది.

"ఇదేదో మందిరంలో సెప్పింటే అయిపోతాండె."

"తప్పయింది."

"నాకు సెప్తే సాలదు. ఇంకెవరన్నా నా మాదిరి ఇంట్లో కూసోని ఏడుస్తాంటారు. నలుగురిలో సదివితివి. నలుగురిలోనే తీసెయ్యి. అప్పుడు సూద్దాం, నేను బల్లకొచ్చేది రానిది."

అక్టోబర్ 3

సవరణ నాలుగుసార్లు రాశాను. మొదటిదాంట్లో 'భావావేశంలో' అని ఉంది. రెండోదాంట్లో 'అనుకోకుండా' అని ఉంది. రెండూ కొట్టేశాను. మూడోది మరీ బాగుంది, చదివితే మళ్లీ ఏడుస్తారు. అదీ చించేశాను.

అక్టోబర్ 5, ఆదివారం, ఎమ్మిగనూరు

పొద్దున ఆదోనిలో చదివాను. అక్కడ చెయ్యి ఇద్దరే కలిపారు. బల్లకు ముందే బయటికి వచ్చేశాను, బస్సు ఉందని. మధ్యాహ్నం ఎమ్మిగనూరులో చదివాను.

'ఆగస్టు 31 నాటి సంచికలో ఇరవై మూడో పేజీలో నా సాక్ష్యంగా వచ్చినది నిజం కాదు. వరదలో నన్ను పట్టుకున్నది ఫొటోగ్రాఫర్ సర్దార్. నా గుండెలో వెలుగు నిండలేదు. నాకు చెప్పుకోదగిన అనుభవం ఏదీ లేదు. క్రీస్తు చేసిన పనిని నమ్ముతున్నాను. తప్పుకు చింతిస్తున్నాను.'

ఎవరో దగ్గారు. సుంకప్ప లేచాడు.

"అయ్యగారూ, అట్లయితే నాదీ సవరణ ఎయ్యాల్నా?"

"నీకు ఎలుగు కనపడిందా, లేదా?"

"కనపడింది."

"అయితే కూసో."

కూర్చున్నాడు. కొందరు నవ్వారు. గాలి ఆడింది.

అయ్యగారు బల్లకు పిలిచాడు. వరసలు లేచాయి. నేను లేవలేదు. అయిదు నిమిషాల క్రితం అబద్ధం ఒప్పుకున్నవాణ్ణి, వెంటనే పోయి చెయ్యి చాపితే ఏం బాగుంటుంది? ఒక నెల పోనీ. మనసు కొంచెం కడిగినట్టయితే అప్పుడు తీసుకుందాం. పొద్దున బస్సు సాకు చెప్పాను గానీ, కారణం ఇదే. మర్యాదగా కూడా ఉంటుంది అనుకున్నాను. ఎంత మర్యాదస్తుణ్ణో అనుకుని కొంచెం సంతోషించాను కూడా.

అత్త మగవాళ్ల వైపు వస్తోంది. ఈ మందిరంలో ఆడవాళ్లు ఈ వైపుకు రారు. నా ముందు ఆగింది.

"యాల కూసున్నావు?"

"వచ్చే నెల తీసుకుంటా అత్తా. మనసు కుదుటపడనీ."

"మనసా?" గొంతు తగ్గించలేదు. "పోయిన వారం నాకేం సెప్తివి? మనకు ఏం అనిపిస్తే ఏం, అనిపించకపోతే ఏం, పని ఆయప్ప సేసేసినాడంటివి. అది ముసలిదానికేనా? నీకు కాదా?"

"అది వేరే అత్తా, ఇది నేను చేసిన..."

"ఏం ఏరే? నీకు బాగా అనిపించినంక పోతే, నీకు అనిపించిందే కదరా నువ్వు తినేది. లెయ్యి."

మణికట్టు పట్టుకుని లేపింది. నలభై ఏళ్లు రాట్నం తిప్పిన చెయ్యి. తొంభై మంది చూస్తున్నారు. ముందు ఆమె నడిచింది. వెనక నేను. అయ్యగారు ముందు ఆమెకు ఇచ్చాడు. తీసుకుంది. తర్వాత నాకిచ్చాడు.

మెట్లు దిగుతుంటే అడిగింది.

"ఏమన్నా అయిందా నీకు?"

"లేదు. నీకు?"

"లేదు. పా, ఆకలైతాంది."

అక్టోబర్ 9, గురువారం, కర్నూలు

ఏడున్నరకు బట్టలు మార్పించారు. ముక్కుపుల్ల తీసి భాగ్యకిచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. థియేటర్ తలుపు దాకా రానిచ్చారు.

భయమవుతోందా అత్తా అని అడిగాను. ఇరవై ఏడేళ్లుగా అందరినీ ఇలాంటి ప్రశ్నలే అడుగుతున్నాను.

"అయితాంది" అంది. "మస్తు అయితాంది."

నా ముఖం చూసి తనే చెప్పింది.

"కానీలే. నేను భయపడ్తే ఆయప్ప సేసింది సెడిపోతాదా?"

నర్సు చక్రాలు తిప్పింది. తలుపు 9.14కు మూశారు.